మీకు తెలుసా? ఆ తూనీగది ఒక్క ఫొటో కాదు!

తూనీగ తల కళ్ల నుంచి మూతి దాకా స్పష్టంగా కనిపించే మాక్రో ఫొటో చాలాసార్లు ఒకే క్లిక్‌తో వచ్చింది కాదు. పురుగు ఎంతుందో సెన్సర్ మీదా అంతే పడేలా, 1:1లో తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించినా స్పష్టంగా వచ్చేది దాదాపు 1 మిల్లీమీటరు మందమే. కన్ను కుదిరితే రెక్క మసక. అందుకే ఫోకస్‌ను వెంట్రుకవాసి జరుపుతూ పదుల కొద్దీ ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒక్కటిగా కలుపుతారు. ఇదే ఫోకస్ స్టాకింగ్.

అంతసేపు తూనీగ కదలదా? చలి తెల్లవారుజామున కదలదు. రెక్కల నిండా మంచు బిందువులతో గడ్డిపోచను పట్టుకుని వేలాడుతుంటుంది. (పురుగును ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లూ ఉన్నారు. అది ఫొటోగ్రఫీ కాదు, హింస.) ఒళ్లు వేడెక్కించుకోవడానికి రెక్కలు వణికించడం మొదలెట్టిందంటే, ఇక కెమెరా సర్దుకోవచ్చు.