జావా అప్లికేషన్ సర్వరుకు ముందు వెబ్ సర్వరు: ఎంపిక, అనుసంధానం

ఉత్తర తెలంగాణ మండలంలో వరి, మొక్కజొన్న, పసుపు సాగు చేసే అనేక కుటుంబాలకు పాడి పశువులు కూడా జీవనాధారమే. పంటలకు సంబంధించిన సలహాలు జగిత్యాల సమీపాన పొలాసలో గల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి రావలసి ఉండగా, పశువులకు సంబంధించిన విజ్ఞానం కోరుట్ల పశువైద్య కళాశాలలో లభిస్తుంది. సిరిసిల్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఇదే సమాచారాన్ని గ్రామాలకు చేర్చగలరు. ఈ మూడింటి సమాచారాన్ని ఒకే చిరునామాపై అందించే సేవను జావా భాషలో రూపొందించదలచామని అనుకుందాం. అప్పుడు ఏ వెబ్ సర్వరును ఎంచుకోవాలి, దానిని జావా అప్లికేషన్ సర్వరుతో ఎలా కలపాలి అన్నవి మొదట తేల్చుకోవలసిన అంశాలు.

రెండు సర్వర్ల పనులు

వెబ్ సర్వరు బయటి నుండి వచ్చే అభ్యర్థనను స్వీకరించి, సిద్ధంగా ఉన్న పుటలను, చిత్రాలను, కరపత్రాలను పంపుతుంది. అపాచీ, ఎన్‌జింక్స్ ఈ కోవకు చెందినవి. అప్లికేషన్ సర్వరు జావా ప్రోగ్రామును నడిపి, డేటాబేసు నుండి వివరాలు తీసి, అప్పటికప్పుడు సమాధానాన్ని తయారు చేస్తుంది. టామ్‌క్యాట్, వైల్డ్‌ఫ్లై, వెబ్‌లాజిక్ ఈ పనికి వాడుకలో ఉన్నాయి. టామ్‌క్యాట్‌లో సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ పుటలను నడిపే భాగం మాత్రమే ఉంటుంది. సమాచార సేవ వంటి అవసరాలకు అది సాధారణంగా సరిపోతుంది.

టామ్‌క్యాట్ స్వయంగా కూడా వెబ్ పుటలను పంపగలదు. అయినప్పటికీ ముందు మరొక సర్వరును ఉంచడానికి బలమైన కారణం ఉంది. గ్రామీణ కృషి మౌసం సేవ కింద వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. కోతల సమయంలో వర్ష సూచన ఉన్న రోజున ఎక్కువ మంది ఒకేసారి, అదీ బలహీనమైన మొబైల్ సిగ్నలుపై, పుటను తెరుస్తారు. టామ్‌క్యాట్‌లో ఒకేసారి పనిచేసే థ్రెడ్ల గరిష్ఠ సంఖ్య, మార్చకుండా ఉంచితే, 200. ఒక్కొక్క అభ్యర్థన అర సెకనులో ముగిస్తే సెకనుకు సుమారు 400 మందికి సమాధానం ఇవ్వవచ్చు. సిగ్నలు మందగించి, పెద్ద సమాధానాన్ని పంపడానికే పది సెకన్లు పడితే ఆ సంఖ్య 20కి పడిపోతుంది. సర్వరులో లోపమేమీ లేకున్నా, కల్లంలో ధాన్యం ఆరబోసిన రైతుకు సూచన సకాలంలో అందదు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఎన్‌జింక్స్ ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తుంది. అది అప్లికేషన్ సర్వరు ఇచ్చిన సమాధానాన్ని త్వరగా తీసుకుని తన వద్ద నిల్వ ఉంచుకుని, ఫోనుకు దాని వేగాన్ని బట్టి పంపుతుంది. దాంతో జావా థ్రెడ్డు వెంటనే మరొక పనికి సిద్ధమవుతుంది. ఒకే ప్రక్రియ అనేక అనుసంధానాలను చూసుకునే నిర్మాణం వలన జ్ఞాపకశక్తి వినియోగం కూడా తక్కువ.

అపాచీ విషయానికొస్తే, ఒక్కొక్క ఫోల్డరుకు ప్రత్యేక నియమాలు రాసుకునే సౌలభ్యం, అనేక మాడ్యూళ్ల లభ్యత దాని బలాలు. కళాశాలలో ఇప్పటికే అపాచీపై ఇతర వెబ్‌సైట్లు నడుస్తూ, దానిని నిర్వహించగల సిబ్బంది ఉన్నట్లయితే, కేవలం కొత్తదనం కోసం మార్చనవసరం లేదు. రాత్రి వేళ సర్వరు ఆగితే దానిని తిరిగి నడపగలిగేవారు ఎవరన్నది కూడా ఎంపికలో ముఖ్యాంశమే.

అనుసంధాన పద్ధతులు

అపాచీని టామ్‌క్యాట్‌తో కలపడానికి ఏజేపీ అనే ప్రత్యేక ప్రోటోకాల్ చాలా కాలంగా వాడుకలో ఉంది. వినియోగదారుని అసలు చిరునామాను అదే చేరవేయడం దీని సౌలభ్యం. అయితే 2020 ఫిబ్రవరిలో ‘ఘోస్ట్‌క్యాట్’ అనే భద్రతా లోపం వెల్లడైంది. ఏజేపీ పోర్టు 8009 బయటివారికి అందుబాటులో ఉంటే, అప్లికేషన్‌లోని అంతర్గత ఫైళ్లను చదివే అవకాశం దీనివలన ఏర్పడింది. టామ్‌క్యాట్ 9.0.31 నుండి ఏజేపీని ముందుగా నిలిపివేసి ఇస్తున్నారు. కావున కొత్తగా ప్రారంభించేవారు సాధారణ హెచ్‌టీటీపీ ప్రాక్సీని ఎంచుకోవడం మేలు. ఏ పద్ధతి అయినా, రెండు సర్వర్లూ ఒకే యంత్రంపై ఉన్నప్పుడు 8080, 8009 పోర్టులను ఆ యంత్రానికే పరిమితం చేసి, బయటికి 80, 443 మాత్రమే తెరచి ఉంచవలెను.

ప్రాక్సీ వలన సంస్థల మధ్య పని విభజన కూడా సులువవుతుంది. ‘పంటలు’ అనే మార్గాన్ని ఒక అప్లికేషన్‌కు, ‘పశువులు’ అనే మార్గాన్ని మరొకదానికి మళ్లించవచ్చు. ఒక సంస్థ తన అప్లికేషన్‌ను సవరిస్తున్నప్పుడు రెండవది ఆగదు. రైతుకు చిరునామా మాత్రం ఒక్కటే.

అమలులో ఎదురయ్యే చిక్కులు

1. చిత్రాల పరిమాణం: ఎన్‌జింక్స్ ముందస్తు అమరికలో ఒక అభ్యర్థనతో 1 ఎంబీకి మించిన సమాచారాన్ని అనుమతించదు. పురుగు ఆశించిన ఆకు ఫొటో సెల్‌ఫోనులో తరచు ఇంతకంటె పెద్దదిగా ఉంటుంది. పరిమితిని పెంచకపోతే రైతుకు 413 అనే దోష సంఖ్య మాత్రమే కనిపిస్తుంది.

2. తెలుగు అక్షరాలు: యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘జగిత్యాల’ అనే పదంలో 8 సంకేతాలు, అనగా 24 బైట్లు ఉంటాయి. టామ్‌క్యాట్ 8 నుండి చిరునామాలోని తెలుగును యూటీఎఫ్-8గానే చదువుతుంది. అంతకు ముందరి వాటిలో విడిగా అమర్చవలసి ఉంటుంది. ఫారముల ద్వారా వచ్చే వివరాలకు ఈ పద్ధతిని అప్లికేషన్‌లో స్పష్టంగా పేర్కొనడం మంచిది.

3. అసలు చిరునామా: హెచ్‌టీటీపీ ప్రాక్సీ వాడినప్పుడు ప్రతి అభ్యర్థనా ప్రాక్సీ యంత్రం నుండే వచ్చినట్లు జావా అప్లికేషన్‌కు కనిపిస్తుంది. వినియోగదారుని చిరునామాను, భద్రమైన అనుసంధానం వివరాన్ని హెడర్ల ద్వారా పంపి, వాటిని టామ్‌క్యాట్ గుర్తించేలా అమర్చవలెను.

4. వేచి ఉండే సమయం: ఎన్‌జింక్స్ సాధారణంగా 60 సెకన్ల పాటు సమాధానం అందకపోతే 504 దోషం చూపుతుంది. దీర్ఘ నివేదికలను ముందే తయారు చేసి ఉంచడం, గడువు పెంచడం కంటె మెరుగైన మార్గం.

5. సెషన్లు: రెండు టామ్‌క్యాట్‌లు నడిపితే, లాగిన్ అయిన వ్యక్తిని ప్రతిసారీ అదే సర్వరుకు పంపవలసి ఉంటుంది. మొబైల్ నెట్‌వర్కులలో ఎందరో ఒకే చిరునామాను పంచుకుంటారు కావున, చిరునామాను బట్టి విభజిస్తే భారం ఒకవైపే పడవచ్చు. సెషన్ కుకీని బట్టి విభజించడం ఉత్తమం.

ఆరంభంలో ఒక ఎన్‌జింక్స్, దాని వెనుక ఒక్కొక్క సంస్థకు ఒక టామ్‌క్యాట్ సరిపోతాయి. సేవను రైతులకు విడుదల చేయడానికి ముందు, కార్యాలయంలోని వేగవంతమైన ఇంటర్నెట్‌పై మాత్రమే కాక, సిగ్నలు సరిగా అందని ఒక గ్రామంలో నిలబడి సాధారణ ఫోనుతో పరీక్షించవలెను. అక్కడ పుట తెరచుకుని, ఫొటో చేరి, ఊరి పేరు తెలుగులో సరిగా కనిపించినప్పుడే అనుసంధానం పూర్తయినట్లు భావించాలి.