నోయిడా చెంతనే రెండు నదులు.. గాలానికి చేప మాత్రం దూరం

నోయిడా: తెల్లవారకముందే నలుగురైదుగురు మిత్రులు కలిసి నది ఒడ్డుకు చేరుకోవడం, కృత్రిమ ఎరను నీటిలోకి విసిరి వేటచేపను ఊరించడం, చిక్కిన చేపను ఫొటో తీసుకుని తిరిగి నీటిలోనే విడిచిపెట్టడం.. ‘లూర్ ఫిషింగ్’గా పిలిచే వ్యాపకం ఇదే. పడమట యమున, తూర్పున హిండన్ ప్రవహించే నోయిడా ఇందుకు అనువైన చోటని పటం చూసిన వారెవరైనా భావిస్తారు. కానీ ఈ వేటకు తగిన నీరు కావాలంటే హిమాలయ లోయల వైపు వెళ్లవలసిందే. కారణం చేపల్లో లేదు, నీటిలోనే ఉంది.

కృత్రిమ ఎర ఎలా పనిచేస్తుంది?

పిండి ముద్దతోనో, వానపాముతోనో వేసే సాధారణ గాలానికి బొచ్చె, శీలావతి వంటి చేపలు చిక్కుతాయి. అవి ఆహారం వాసనను, రుచిని పసిగట్టి వస్తాయి. లూర్ ఫిషింగ్‌లో వాడే ఎరకు ఆ రెండూ అవసరం లేదు. తళుకులీనే లోహపు రేకు, గిరగిరా తిరిగే స్పిన్నర్, చిన్న చేప ఆకారంలోని ప్లాస్టిక్ బొమ్మ, రబ్బరు కప్ప.. వీటిని రీల్ సాయంతో నీటిలో లాగుతూ ప్రాణమున్న జీవి కదలికను భ్రమింపజేస్తారు. ఇతర జీవులను వేటాడి బతికే కొర్రమీను, వాలుగ, మహసీర్ వంటి చేపలే దానిపై దాడి చేస్తాయి. అవి ఎరను కంటితో చూస్తాయి, నీటిలో పుట్టే ప్రకంపనలను దేహం పొడవునా ఉండే పార్శ్వ రేఖతో గ్రహిస్తాయి.

అందువల్ల ఈ వేట సాగాలంటే నదిలో కొంతైనా తేటదనం ఉండాలి, చిన్న చేపలు, కప్పలు, రొయ్యలు ఉండాలి, వాటిని తినే పెద్ద చేపలు ఉండాలి. అంటే ఆహార గొలుసు పై మెట్టు దాకా తెగకుండా ఉండాలి.

ఉదయం వేళే ఎందుకు?

వేసవిలో ఎండ ముదిరే కొద్దీ చేపలు లోతుకు, నీడకు తరలిపోతాయి. పొద్దు పొడిచే వేళ మసక వెలుతురులో వేటచేపలు ఒడ్డు సమీపంలోని లోతులేని నీటికి వస్తాయి. అయితే నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు కూడా సరిగ్గా ఈ వేళకే కనిష్ఠ స్థాయికి చేరుతుంది. రాత్రంతా నీటి మొక్కలు, నాచు, సూక్ష్మజీవులు దానిని వినియోగించుకోవడమే ఇందుకు కారణం. గోదావరి, కృష్ణా జిల్లాల ఆక్వా రైతులకు ఇది సుపరిచితమే. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే వారు వెంటనే ఏరేటర్లు ఆడిస్తారు. నదిలోనూ వేకువన చేపలు పైకి తేలడం సమృద్ధికి సంకేతం కాకపోవచ్చు, ఊపిరాడకపోవడమూ కావచ్చు.

యమునలో లోపించినదేమిటి?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం చేపల మనుగడకు లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. స్నానానికి అనువైన నీటిలో 5 మిల్లీగ్రాములు అవసరం. సుమారు 1,376 కిలోమీటర్ల యమునలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఉన్న 22 కిలోమీటర్ల భాగం రెండు శాతంలోపే. నది మోస్తున్న కాలుష్య భారంలో అత్యధిక భాగం చేరేది మాత్రం ఇక్కడే. ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ నెలవారీ నివేదికల్లో ఈ భాగంలోని పలు చోట్ల ప్రాణవాయువు ‘శూన్యం’గా నమోదైన సందర్భాలు అనేకం.

వజీరాబాద్ బరాజ్ వద్ద తాగునీటి కోసం ప్రవాహాన్ని మళ్లించడంతో ఎండాకాలంలో దిగువకు సాగేది ప్రధానంగా నజఫ్‌గఢ్ తదితర కాలువల మురుగే. అందులోని సేంద్రియ వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును హరిస్తాయి. వర్షాకాలం ముగిశాక ఓఖ్లా బరాజ్ దిగువన కనిపించే తెల్లని నురగకు డిటర్జెంట్లలోని రసాయనాలు, ఎత్తు నుంచి దూకే నీటి వడి కారణం.

ఇలాంటి నీటిలో మనగలిగేవి గాలిని నేరుగా పీల్చుకోగల చేపలే. కొర్రమీనుకూ ఆ శక్తి ఉంది గానీ అది తినే చిన్న చేపలన్నింటికీ లేదు. కలుషిత నీటిని బాగా తట్టుకునే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని, స్థానిక జాతులకు ముప్పుగా భావించి కేంద్రం 2000లోనే నిషేధించింది. ఒకవేళ ఇక్కడ చేప చిక్కినా దానిని తినడం క్షేమం కాదు. సీసం, పాదరసం వంటి భారలోహాలు చేపల దేహంలో పేరుకుంటాయి. పాదరసమైతే ఒక చేపను మరో చేప తినే కొద్దీ పెరుగుతూ పోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

నోయిడా వైపు యమున ఒడ్డున పచ్చగా కనిపించే ఓఖ్లా ప్రాంతం 1990లో పక్షుల అభయారణ్యంగా ప్రకటితమైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోని జీవులను పట్టడం నేరం. చేపలకూ ఇది వర్తిస్తుంది. పట్టి విడిచిపెడతామన్నా మినహాయింపు లభించదు.

అందుకే ఉత్తరాది గాలపు ప్రియుల నోట గంగ, నయార్ నదులు కలిసే వ్యాస్‌ఘాట్, నేపాల్ సరిహద్దులోని పంచేశ్వర్ పేర్లు వినిపిస్తాయి. అక్కడి బంగారు మహసీర్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. కాబట్టి వెళ్లేముందు స్థానిక అటవీ, మత్స్య శాఖల అనుమతి గురించి తెలుసుకోవాలి. ముల్లు లేని కొక్కేలు వాడడం, తడి చేతులతోనే చేపను పట్టుకోవడం, క్షణాల్లో నీటిలోకి వదలడం పాటించవలసిన నియమాలు. జారుడు రాళ్లు, ఆకస్మికంగా పెరిగే ప్రవాహం ఉన్న చోటుకు ఒంటరిగా వెళ్లకపోవడం మంచిది.

ఒకప్పటి నది

‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. గోదావరిలో పులసగా పిలిచే ఆ హిల్సా చేపే ఒకప్పుడు బంగాళాఖాతం నుంచి గంగకు, అక్కడి నుంచి యమునకు ఎదురీదుతూ ఆగ్రా దాకా వచ్చేది. 1975లో ఫరక్కా బరాజ్ అందుబాటులోకి వచ్చాక ఆ వలస తెగిపోయింది. గోదావరిలోనూ ధవళేశ్వరం బరాజ్ దాటి పైకి పోలేని పులస దిగువనే వలకు చిక్కుతోంది.

అడ్డుకట్టలు దారిని మూస్తే, మురుగు ఊపిరిని తీస్తుంది. యమునను శుభ్రపరిచే పథకాల ఫలితాన్ని ప్రజలు తరచూ నురగ తగ్గిందా లేదా అన్న దానితోనే అంచనా వేస్తుంటారు. నురగను మందు చల్లి అణచవచ్చు. ఎండాకాలపు వేకువలో ఓఖ్లా వద్ద లీటరుకు 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలవాలంటే మాత్రం మురుగు శుద్ధి కావాలి, పై నుంచి మంచినీటి ప్రవాహమూ రావాలి. అసలైన కొలమానం అదే.