కోడి రెక్కలకు పాకం చివర్లోనే ఎందుకు?

ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో, ఒంటి పొయ్యి ఉన్న అద్దె గదిలోనైనా నిగనిగలాడుతూ వేళ్లకు అంటుకునే కోడి రెక్కలు చేసుకోవచ్చు. దీనికి ఓవెన్ కన్నా వరస ముఖ్యం: ముందు వేపాలి, ఆఖర్న బెల్లం పాకం పట్టించాలి. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితేగాని తినడానికి క్షేమం కాదు. అది చేరేలోపు పైనున్న బెల్లం 160 డిగ్రీలు దాటి మాడి చేదెక్కుతుంది. ఊరబెట్టేటప్పుడే కలిపితే తీపి లోపలికి దిగదా అంటారు. ఉప్పు దిగుతుంది గానీ, చక్కెర అణువులు పెద్దవి, గంటా రెండు గంటల్లో చాలావరకు పైనే ఉండిపోతాయి. స్కిన్‌లెస్ మంచిది కదా అన్న మాట కొట్టిపారేయలేం, చర్మంలో కొవ్వు ఎక్కువే. కానీ కరకర వచ్చేది ఆ చర్మంతోనే. అందులోని కొల్లాజెన్ వేడికి జెలటిన్‌గా మారి జిగురుకూ తోడవుతుంది. కాబట్టి చర్మంతోనే తీసుకుని, నాలుగు తక్కువ తినడం నయం.

ఇక పాకం సంగతి. బెల్లం, కాసిని నీళ్లు, చింతపండు రసం, దంచిన వెల్లుల్లి, కారం కలిపి సన్న సెగ మీద మరిగించండి. నీరు ఆవిరయ్యేకొద్దీ చక్కెర అణువులు దగ్గరై ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, అందుకే పాకం చిక్కబడుతుంది. చింతపండు పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. దాంతో పాకం పలుకులు కట్టదు. గులాబ్ జామ్ పాకంలో నిమ్మరసం పిండేదీ ఇందుకే. చుక్క తీసి చల్లార్చి, వేళ్ల మధ్య సాగదీస్తే సన్నని తీగ రావాలి. అప్పుడు వేగిన రెక్కలు వేసి ఒక్క నిమిషం తిప్పి దించేయండి.