దారి గుంటలు – లారీ బాడుగ

మొగుడంపల్లి మండలము జహీరాబాదు ప్రాంతమున కర్ణాటక సరిహద్దు చెంత నున్నది. పుణె నుండి షోలాపురము, జహీరాబాదు, హైదరాబాదుల మీదుగా మచిలీపట్టణమునకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతమునకు చేరువనే కలదు. అయినను ఇచ్చటి అల్లము, ఆలుగడ్డ, చెరకు ఆ రహదారి నెక్కుటకు ముందు పల్లె బాట మీద పోక తప్పదు. రైతునకు నష్టము తరచు ఈ కొద్ది దూరముననే కలుగును.

లారీ యజమాని బాడుగ చెప్పునపుడు దూరము నొక్కదానినే చూడడు. 12 కిలోమీటర్ల దారి యనుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోయిన 24 నిమిషములు పట్టును. గుంటల వలన వేగము 10కి తగ్గినచో 72 నిమిషములు పట్టును. డ్రైవరు జీతము, అప్పుపై వడ్డీ, బీమా తగ్గవు. దినమునకు తిరుగు ట్రిప్పులు తగ్గును. మాటిమాటికి బ్రేకు వేసి గేరు మార్చుటచే డీసెలు హెచ్చుగా కాలును, టైర్లు చెడును, కమాను పట్టీలు విరుగును. ఈ ఖర్చంతయు తుదకు బాడుగలో చేరును.

సరకు నష్టము ఇంతకంటె గూఢమైనది. అల్లమునకు చెక్కు లేచినచోట కుళ్లు పట్టును. ఆలుగడ్డకు తగిలిన దెబ్బ పైకి కనబడకపోవచ్చును. కోసినపుడు లోపల నల్లని మచ్చగా బయటపడును. వర్తకుడు ఈ సంగతి నెరుగును గనుక బస్తా మొత్తమునకు ధర తగ్గించి అడుగును. లారీ వెనుక భాగమున కుదుపు హెచ్చు. కావున అడుగున గడ్డి పరచి, బస్తాలు కదలకుండ బిగించి, మెత్తని సరకును ముందువైపున వేయించుట మేలు. దారి బాగుపడువరకు ఇది తాత్కాలికమైన ఉపాయమే.

దారిని చెరచునవి ముఖ్యముగా రెండు: నిలిచిన నీరు, మితిమీరిన బరువు. 1958–60 సంవత్సరములలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో, ఇరుసుపై బరువు పెరిగినకొలది దారికి చేటు ఇంచుమించు నాలుగవ ఘాతము చొప్పున పెరుగునని తేలినది. అనగా బరువు ఒకటిన్నర రెట్లయిన చేటు అయిదింతలు, రెట్టింపైన పదునారింతలు! ఒక ట్రిప్పు బాడుగ మిగులునని చెరకును ఒకే లారీలో కుక్కి పంపువారు మరుసటి యేటి బాడుగను తామే పెంచుకొనుచున్నారు.

ఊరి వీధులు గ్రామ పంచాయతివి. ఊరూరిని కలుపు బాటలు చాలవరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగు విభాగమువి. పెద్ద దారులు రోడ్లు భవనముల శాఖవి. అర్జీ పెట్టుటకు ముందు దారి ఎవరిదో తెలిసికొనవలెను. పక్క కాలువల పూడిక, తూములలోని చెత్త వానలకు ముందే తీయించినచో నీరు దారిపై నిలువదు. బోరు పైపు కొరకు దారిని అడ్డముగా త్రవ్వినవారిచేత ఆ గాడిని కంకరతో పొరపొరగా దిమ్మిస కొట్టించి పూడ్పింపవలెను. వట్టి మన్ను పోసి విడిచినచో మొదటి వానకే అది గుంటయగును. దానిని తప్పించుకొనుటకై లారీ దిగిన అంచు రెండవ గుంటయగును.