ఐగుప్తు దారిలో అడిగిన ప్రార్థన

యెరూషలేము కూలిపోయింది. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం పట్టణాన్నీ దేవాలయాన్నీ తగలబెట్టి, ప్రజల్లో ముఖ్యులను చెరపట్టుకుపోయింది. మిగిలిన నిరుపేదల మీద నెబుకద్రెజరు గెదల్యాను అధికారిగా నియమిస్తే, రాజవంశానికి చెందిన ఇష్మాయేలు మిస్పాలో అతణ్ని చంపేశాడు. అప్పుడు కారేహ కుమారుడైన యోహానాను అనే సేనాధిపతి మిగిలిన జనాన్ని కూడగట్టుకుని బేత్లెహేము దగ్గర మకాం వేశాడు. తాము నియమించిన అధికారిని చంపినందుకు బబులోనువాళ్లు వచ్చి దొరికినవాళ్లను దొరికినట్టు నరుకుతారన్నది వాళ్ల భయం. ఐగుప్తుకు పారిపోవాలన్నది వాళ్ల ఆలోచన (యిర్మీయా 41:17,18).

సరిగ్గా ఆ సమయంలోనే వాళ్లు యిర్మీయా దగ్గరికొచ్చారు. చిన్నా పెద్దా అంతా వచ్చి, మేము ఏ దారిన వెళ్లాలో, ఏం చేయాలో దేవుణ్ని అడిగి చెప్పమని బతిమాలారు. ఆయన మాట మాకు నచ్చినా నచ్చకపోయినా వింటామని, దేవుణ్నే సాక్షిగా పెట్టి ప్రమాణం చేశారు. ఇంత చక్కటి ప్రార్థన విన్నపం బైబిల్లోనే అరుదు. ఇలా అడిగే విశ్వాసి ఒక్కరున్నా ఏ పాస్టరైనా పొంగిపోతాడు. పది రోజుల తర్వాత దేవుని జవాబొచ్చింది. ఈ దేశంలోనే ఉండండి, బబులోను రాజుకు భయపడకండి, నేను మీకు తోడుగా ఉంటాను, ఐగుప్తుకు మాత్రం వెళ్లొద్దు అన్నది దాని సారాంశం. అది వినగానే వాళ్లేమన్నారో తెలుసా? నువ్వు అబద్ధమాడుతున్నావు, దేవుడు నీతో అలా చెప్పలేదు, ఆ బారూకు నిన్ను మా మీదికి ఎగదోస్తున్నాడు అన్నారు (43:2,3). పది రోజుల కిందట చేసిన ప్రమాణం గాల్లో కలిసిపోయింది.

మూటలు కట్టుకుని, ఐగుప్తు దారిలో నిలబడి అడిగిన ప్రార్థన అది. దారి వాళ్లు ముందే ఎంచుకున్నారు. దాని మీద దేవుని సంతకం ఒక్కటే తక్కువైంది.

మన తెలుగులో ఒక మంచి వాడుక ఉంది. ‘మావాడు అసలు మాట వినడండీ’ అని ఓ తల్లి వాపోతే, పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు. చెప్పింది చేయడం లేదని అర్థం చేసుకుంటారు. హెబ్రీ భాషలోనూ అంతే. ‘షమా’ అనే క్రియను వినడానికీ, లోబడడానికీ కూడా వాడతారు. యూదులు ఉదయం, సాయంత్రం చెప్పుకునే ప్రార్థనకు ‘షెమా’ అనే పేరు ఆ మాటతోనే వచ్చింది (ద్వితీ 6:4). కొత్త నిబంధన గ్రీకులో లోబడడానికి వాడే ‘హుపకువో’ కూడా, వినడం అనే అర్థమున్న ‘అకువో’ నుంచి పుట్టిందే. సొలొమోను గిబియోనులో జ్ఞానం అడిగాడని చెప్పుకుంటాం గాని, హెబ్రీ మూలంలో ఆయన అడిగింది ‘వినే హృదయం’ (1 రాజులు 3:9).

సౌలు రాజు కథలోనూ గొడవంతా చెవుల దగ్గరే. అమాలేకీయుల మీద యుద్ధం నుంచి తిరిగొచ్చి, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని ధీమాగా చెబుతాడు. మరి నా చెవుల్లో పడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటని సమూయేలు అడుగుతాడు. (ఆ యుద్ధంలో అందరినీ సంహరించమన్న ఆజ్ఞ ఈనాటి పాఠకుణ్ని కలవరపెడుతుంది, కలవరపెట్టాలి కూడా. ఆ చర్చ ఇక్కడ నాలుగు వాక్యాల్లో తేలేది కాదు.) కొన్ని సాకులు చెప్పాక చివరికి సౌలు ఒప్పుకున్నదేమిటంటే, జనానికి జడిసి వాళ్ల మాట విన్నానని (1 సమూ 15:24). అక్కడా అదే ‘షమా’. సౌలుకు వినడం చేతకాక కాదు, బాగానే విన్నాడు. వినవలసినవాడి మాట విడిచిపెట్టి, చుట్టూ ఉన్నవాళ్ల మాట విన్నాడు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ‘అయ్యగారూ, మావాడికి రెండు సంబంధాలొచ్చాయి. ఏది దేవుని చిత్తమో ప్రార్థన చేసి చెప్పండి’ అని తల్లిదండ్రులు రావడం ఏ పాస్టరుకూ కొత్త కాదు. మరి కట్నం సంగతేమనుకున్నారమ్మా అని అడిగితే, ‘అది మామూలేగా అండీ, మేమేం అడగలేదు, వాళ్లే ఇస్తామంటున్నారు’ అంటారు. మొదటి సంబంధమా, రెండోదా అన్న ప్రశ్నకు దేవుని స్వరం కావాలి. కట్నం తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ఆయన దాకా వెళ్లదు. 1961లో చట్టం దాన్ని నేరమంది. ప్రవక్తలైతే అంతకు రెండున్నర వేల ఏళ్ల ముందే పొరుగువాడి ఇంటినీ పొలాన్నీ ఆశించి లాక్కునేవాళ్లను ఎండగట్టారు (మీకా 2:1,2). ఆడపిల్ల తండ్రి అరెకరం అమ్మి తెచ్చిన డబ్బుతో జరిగే పెళ్లికి ముందు మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసినంత మాత్రాన, ఆ అరెకరం ఆయనకు తిరిగి రాదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన సంగతీ చెప్పుకోవాలి. పన్నెండు దాటగానే పళ్లెంలో వాగ్దానం కార్డులు తెస్తారు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తీసుకుని, కొత్త సంవత్సరానికి దేవుడు తమతో ఏం మాట్లాడాడో చదువుకుంటారు. మా సంఘంలోనూ పంచుతాం, నాకు దాని మీద కోపమేమీ లేదు. భయంలో ఉన్న ఎందరినో ఆ చిన్న కార్డు ఏడాది పొడవునా నిలబెట్టిన సంగతి నాకు తెలుసు. కాని ఆ కార్డుల్లో దీవెనలు తప్ప ఆజ్ఞలుండవు. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దన్న ఆజ్ఞను (లేవీ 19:13) కార్డు మీద అచ్చు వేయగా నేనెప్పుడూ చూడలేదు. సహోదరుడితో సమాధానపడకుండా బలిపీఠం దగ్గరికి రావద్దన్న ప్రభువు మాటకూ (మత్తయి 5:23,24) పళ్లెంలో చోటు దొరకదు. అచ్చు వేసినా ఎవరు కొంటారు లెండి!

నాకు తెలిసిన ఒక మేస్త్రి ఉన్నాడు. చిన్న చిన్న ఇళ్లు కాంట్రాక్టుకు తీసుకుని కట్టిస్తాడు. ఒకసారి కొంచెం పెద్ద పని వచ్చేలా ఉంది. తీసుకోవాలా వద్దా, దేవుడు ఏదో ఒక గురుతు చూపించాలని చాలా రోజులు ప్రార్థన చేశాడు, చేయించాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, వరుసక్రమంలో వచ్చింది కాబట్టి యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెప్పాను. కోత కోసినవారి కూలి బిగబట్టినందుకు ఆ కూలే మొరపెడుతోందని, కూలీల కేకలు సైన్యముల ప్రభువు చెవిన పడ్డాయని అక్కడుంది (యాకోబు 5:4). అతను సోమవారం పొద్దున్నే ఇంటికొచ్చాడు. పాత పనిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీలకు ఇవ్వాల్సిన నలభై వేలు తన దగ్గరే ఉండిపోయాయట. ఇంటాయన తనకు పూర్తిగా ఇవ్వలేదు గనుక తానూ ఇవ్వలేదు. అది అతని వాదన, అందులో అబద్ధమేమీ లేదు. ‘ఇప్పుడు నేనేం చేయాలండీ?’ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. నా చేత చెప్పించుకోవాలని అతనూ రాలేదనుకుంటాను.

భార్య గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చాడు. ఇవ్వబోతే కూలీలు అక్కడ లేరు, పని ముగిసి ఎప్పుడో వెళ్లిపోయారు. ఫోన్లు చేసి, ఒకరి ద్వారా ఒకరిని పట్టుకుని, అందరికీ ముట్టజెప్పేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఆ పెద్ద కాంట్రాక్టు ఇంకొకరికి వెళ్లిపోయింది. గాజులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. సాక్ష్యాల సమయంలో ఇలాంటివి మనకు వినపడవు. ‘లోబడ్డాను, రెట్టింపు వచ్చింది’ అని ముగిసే సాక్ష్యాలకే చప్పట్లు. దేవుడు లోబడినవారిని దీవించడని నేననడం లేదు. కాని అతను విన్నది దీవెన కోసం కాదు, ఆ కూలీల కేకలు దేవుని చెవిన పడుతున్నాయని తెలిసి. మన దేవుడు ముందు తాను వినేవాడు. ఐగుప్తులో బానిసల మూలుగు విన్న తర్వాతే మోషేను పిలిచాడు (నిర్గమ 2:23,24). ఆయన చెవిన పడేవి మన చెవినా పడాలని ఆయన కోరిక.

‘ఇది దేవుని స్వరమా, నా మనసు మాటా? ఎలా తెలుస్తుంది?’ అన్నది నిజాయతీ గల ప్రశ్న. దీనికి యిర్మీయా దగ్గరే కొంత జవాబుంది. బబులోనుకు లోబడాలన్నది ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటే, అందుకోసం బురద గోతిలో కూడా పడ్డాడు. యోహానాను మనుషులు వచ్చి అడగ్గానే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండే ఉంటుంది. అయినా చెప్పలేదు. పది రోజులు ఆగాడు (42:7). నలభై ఏళ్ల అనుభవమున్న ప్రవక్త తన అభిప్రాయాన్ని దేవుని నోట పెట్టడానికి సాహసించలేదు. బయట భయంతో వణికిపోతున్న జనం, రేపో మాపో శత్రువు వచ్చిపడతాడన్న పుకార్లు, ఏమైందండీ అని రోజూ అడిగేవాళ్లు. ఆ ఒత్తిడిలో పది రోజులు నోరు మూసుకుని ఉండడం ఎంత కష్టమో సేవలో ఉన్నవాళ్లకు తెలుసు. మనలో కొందరం పది నిమిషాల్లో ‘ప్రభువు నాతో ఇలా సెలవిచ్చాడు’ అనేస్తాం. ఫోనులోనే ప్రవచనం, ఫోనులోనే పెళ్లి ఖాయం! దేవుడు చెప్పాడని ఎవరైనా అనగానే ఇక ఎదుటివాడు నోరెత్తలేడు. అందుకే ఆ మాటను వాడడంలో భయం ఉండాలి. సమూయేలును చూడండి. రాత్రి దేవుని స్వరం విన్న బాలుడు పొద్దున్నే ఊరంతా చాటలేదు. ఏలీకి చెప్పడానికి కూడా భయపడ్డాడు, ఎందుకంటే ఆ మాట ఏలీ ఇంటి మీద వచ్చిన తీర్పు (1 సమూ 3:15). సండేస్కూల్లో ఆ కథను బాలుడి జవాబు దగ్గరే ఆపేస్తాం గనుక, దేవుడు ఆ రాత్రి నిజంగా ఏం చెప్పాడో చాలామందికి గుర్తుండదు.

చీటీలు తీసి వాక్యం చదివే అలవాటు మనదొక్కటే కాదు. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ విశ్వాసులు ప్రతి దినానికీ చీటీ వేసి ఒక పాత నిబంధన వాక్యం ఎంచి, 1731 నుంచి పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. దాన్ని రోజూ చదివినవారిలో డీట్రిష్ బోన్‌హాఫర్ ఒకడు. హిట్లర్‌కు తలవంచని సంఘం కోసం ఫింకెన్వాల్డెలో ఆయన నడిపిన వేదాంత పాఠశాలను 1937లో రహస్య పోలీసులు మూయించారు. 1939 జూన్‌లో స్నేహితులు ఆయనను న్యూయార్క్ రప్పించారు. అక్కడ ఉద్యోగం ఉంది, ప్రాణానికి భద్రత ఉంది. వయసు 33. కాని మనసు నిలవలేదు. కొద్ది రోజులకే ఆ ఉద్యోగం వద్దన్నాడు. ఎందుకు వద్దంటున్నాడో తనకే పూర్తిగా స్పష్టం కాలేదని డైరీలో రాసుకున్నాడు. జూన్ 26న బైబిలు చదువుతుంటే, చలికాలం రాకముందే రమ్మని పౌలు తిమోతిని పిలిచిన మాట కంటబడింది (2 తిమోతి 4:21). అది తిమోతికి రాసిన ఉత్తరం, తనకు కాదని ఆయనకు తెలియదా? వేదాంత పండితుడాయన. అయినా ఆ మాట ఆ రోజంతా ఆయనను వెంటాడింది. జూలైలో ఓడెక్కి తిరిగి వెళ్లిపోయాడు. సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఉరి తీశారు.

ఆయన వాక్యం తీసుకున్న తీరు, మనం వాగ్దానం కార్డు తీసుకునే తీరు పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా ఒకటుంది. ఆ వాక్యం ఆయనను తనకు లాభమున్న వైపు నుంచి నష్టమున్న వైపుకు తీసుకెళ్లింది. నష్టమున్నదల్లా దేవుని చిత్తమని కాదు. కాని మన ‘నడిపింపు’లన్నీ ఎప్పుడూ ఎక్కువ జీతం వైపు, పెద్ద ఇంటి వైపే చూపిస్తుంటే, ఒకసారి ఆగి అది ఎవరి స్వరమో అడగడంలో తప్పులేదు. ఆ 1939లోనే అచ్చయిన ‘కలిసి జీవించడం’ గురించిన తన పుస్తకంలో బోన్‌హాఫర్ మరో సంగతి చెప్పాడు. సంఘంలో ఒకరికొకరు చేయాల్సిన మొదటి సేవ వినడమేనని. పక్కనున్న సహోదరుడి గోడు వినే ఓపిక లేనివాడికి దేవుని మాట వినే ఓపిక కూడా పోతుందని ఆయన హెచ్చరిక. భార్య రెండు మాటలు చెప్పబోతే టీవీ శబ్దం పెంచే భర్త, తెల్లవారుజామున నాలుగింటికి లేచి దేవుని స్వరం కోసం కనిపెట్టడం గురించి ఆయన ఏమనేవాడో!

యిర్మీయా కథ ఐగుప్తుకు వెళ్లొద్దన్న మాటతో ఆగలేదు. జనం వెళ్లారు. ప్రవక్తనూ, బారూకునూ కూడా వెంట తీసుకుపోయారు. మాట వినని జనంతో ఆ మాట చెప్పినవాడు కూడా తహపనేసు చేరాడు. అక్కడ యెహోవా మళ్లీ అతనితో మాట్లాడాడు. పెద్ద రాళ్లు చేతపట్టుకుని, యూదులు చూస్తుండగా ఫరో ఇంటి వాకిట సున్నంలో పాతిపెట్టమన్నాడు. ఎవరికి భయపడి వాళ్లు అంత దూరం పారిపోయి వచ్చారో, ఆ నెబుకద్రెజరు ఆ రాళ్ల మీదే తన సింహాసనం వేసుకుంటాడని చెప్పమన్నాడు (43:8-10). అప్పటికి యిర్మీయా ముసలివాడు. పరాయి దేశం, పక్కన వినేవాళ్లు లేరు. ఆ రాళ్లు ఆయనే మోయాలి.