పొయ్యి వెనుక టైల్సు

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా వదినగారింట్లో పొయ్యి వెనుక అతికించిన టైలొకటి ఏడాది తిరక్కుండానే ఊడి పప్పుగిన్నెలో పడింది. నూనె మరిగే మూకుడైతే ఏం కాను? సిమెంటు మంచిదే, టైల్సును నానబెట్టలేదు, అంతే!

గోడలకు వేసే సిరామిక్ టైలు వెనుకభాగం కాల్చిన మట్టి. సాధారణంగా తన బరువులో 10 శాతానికి పైగా నీరు తాగుతుంది. పొడిగా అతికిస్తే సిమెంటులోని తడినే పీల్చేస్తుంది, ఇక సిమెంటు ఎలా గట్టిపడుతుంది? అందుకే బుడగలు ఆగేదాకా తొట్టిలో నాననిచ్చి, పైతడి ఆరాక పెట్టించండి. సున్నం వేసిన గోడకు ముందుగా గాట్లు కొట్టించాలి. (“ఎందుకమ్మా?” అంటాడు మేస్త్రి. వినకండి.) విట్రిఫైడ్ టైల్సు నీరు పీల్చవు కనుక వాటికి సంచుల్లో అమ్మే టైల్ అడ్హెసివ్ వాడాలి. అది వాడితే నానబెట్టే పని లేదు.

మర్నాడు రూపాయిబిళ్ళతో ఒక్కొక్కటీ తట్టి చూడండి. డొల్లగా మోగినదాన్ని పీకించి మళ్ళీ పెట్టించండి. సందుల్లో తెల్లసిమెంటు నింపించేది ఆ తర్వాతే.