‘ఘ.’ అంటే గంట కాదు

చిట్యాలలో మా చిన్నమ్మ కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశం ‘ఘ. 12-30’కని చీటీ రాయించి పంపింది. మేం హైదరాబాదులో తీరిగ్గా బస్సెక్కి పన్నెండుకల్లా దిగాం. అప్పటికే పాలు పొంగించడం అయిపోయింది, చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చున్నారు! చిన్నమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడితే ఒట్టు. తప్పు నాదే లెండి. ‘ఘ.’ అంటే గంటలనుకున్నాను. అది ఘడియ.

రోజుకు అరవై ఘడియలు. అంటే గంటకు రెండున్నర, ఘడియకు 24 నిమిషాలు. ఘడియలో అరవయ్యో వంతు విఘడియ, 24 సెకన్లు. గడియారం లెక్క అర్ధరాత్రి నుంచి మొదలైతే, ఘడియల లెక్క సూర్యోదయం నుంచి. 12 ఘడియలంటే 288 నిమిషాలు, 30 విఘడియలు మరో 12. వెరసి ఐదు గంటలు. ఆ రోజు పొద్దు ఆరింటికి పొడిచింది, కనుక ముహూర్తం పదకొండుకే! అదే సంక్రాంతి రోజుల్లోనైతే మన వైపు పొద్దు పొడిచేది సుమారు ఆరూ ముప్పావుకి, అప్పుడిదే ‘ఘ. 12-30’ పావుతక్కువ పన్నెండవుతుంది. ఇప్పటి పంచాంగాల్లో చాలావాటిలో గంటలు కూడా వేస్తున్నారు, నయమే.

‘ఉ.’, ‘సా.’, ‘రా.’ మీకు తెలిసినవే. ‘తె.’ దగ్గర మాత్రం జాగ్రత్త. పంచాంగంలో శనివారం కింద ‘తె. 3-20’ అని ఉంటే, క్యాలెండరులో అప్పటికి ఆదివారం వచ్చేసినట్టే. రైలు టిక్కెట్టు మీద శనివారం 00.20 అని ఉందనుకోండి, శుక్రవారం రాత్రి అన్నాలు తినగానే స్టేషనుకు బయలుదేరాలి.